యూసుఫ్ గారి గొంతు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు వరసగా లేస్తున్న రోజుల్లో, నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌కి చీఫ్ సౌండ్ ఇంజనీరుగా చేరాను. ఆ వేసవిలో నా చేతికి వచ్చిన సినిమాలో విలన్ యూసుఫ్ అనే అరబ్బు నటుడు. బాగ్దాద్ రంగస్థలం మీద రాజుల వేషాలు కట్టి, అక్కడి సినిమాల్లోనూ పేరు తెచ్చుకున్నవాడు. యుద్ధంలో ఆయన నాటకశాల మూతపడింది. భార్య సల్మా కళ్ల వైద్యానికి హైదరాబాద్ వచ్చి, శ్రీనగర్ కాలనీలో అద్దెకు దిగాడు. ఆమెకు చూపు మాత్రం తిరిగి రాలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తెలుగు రాని నటుడు సెట్‌లో ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదువుతూ పెదవులు కదిపితే చాలు. తరువాత డబ్బింగ్ కళాకారుడు ఆ పెదవులకు మాటలు అతికిస్తాడు. యూసుఫ్ అంకెలు చదవనన్నాడు. ప్రతి డైలాగూ అరబ్బీ లిపిలో రాసుకుని, కంఠతా పట్టి చెప్పాడు. ఎంత బాగా చెప్పినా ఆయన గొంతు ఉంచరని ఎవ్వరూ చెప్పలేదు. ఆయనకు తెలిసే ఉంటుందిలే అనుకుంది యూనిట్ మొత్తం.

సెట్‌లో రికార్డయిన గొంతును పైలట్ ట్రాక్ అంటాం. డబ్బింగ్‌కి దారి చూపడానికే తప్ప సినిమాలో వాడం. ఆ ట్రాక్ విన్నాను. ఉచ్చారణ వంకరే. కానీ అబ్బ, ఏం గొంతు!

డబ్బింగ్ రోజున ఆయన భార్య చెయ్యి పట్టుకుని వచ్చాడు. అప్పటికే మైకు ముందు మా డబ్బింగ్ కళాకారుడు మూర్తి నిలబడి ఉన్నాడు. సంగతి అర్థమయ్యాక యూసుఫ్ వచ్చీరాని ఇంగ్లిష్‌లో నాతో అన్నాడు, సల్మా ఇక నన్ను చూడలేదు, వినగలదంతే, గొంతు తీసేస్తే ఆమెకు ఈ సినిమాలో నేను లేనట్టే అని.

దర్శకుడి దగ్గరికి పోయాను. "సార్, జర సోచాయించుండ్రి. గిసోంటి గొంతు మనకు యాడ దొర్కుతది?"

"ఏంటండీ మీరు! ఆ యాసకి హాల్లో జనం నవ్వుతారు. విలన్‌ని చూసి నవ్వితే సినిమా గోవిందా," అన్నాడు. అదీ అబద్ధం కాదు.

బతిమాలి బతిమాలి విలన్ చచ్చేటప్పుడు పెట్టే కేక ఒక్కటి యూసుఫ్ గొంతుతోనే ఉంచడానికి ఒప్పించాను. కేకకు యాస ఉండదు కదా.

ప్రివ్యూలో వాళ్ల పక్కనే కూర్చున్నాను. తెరమీద యూసుఫ్ మూర్తి గొంతుతో గర్జిస్తున్నాడు. సల్మా మాటిమాటికీ భర్త చెవిలో ఏదో అడుగుతోంది. నువ్వెప్పుడొస్తావంటోంది, ఇదిగో వస్తున్నానంటున్నాను అని ఆయన నాతో చెప్పాడు. కేక దగ్గరకొచ్చేసరికి నేను సల్మా వైపు తిరిగాను. డప్పులూ బాకాలూ హోరెత్తాయి. శబ్దాలన్నీ కలిపే ఫైనల్ మిక్సింగ్ మద్రాసులో జరిగింది. అక్కడ దర్శకుడు సంగీతం పెంచించాడట. కేక దాని కింద నలిగిపోయింది. లైట్లు వేశారు. సల్మా ఇంకా తెరవైపు చెవి పెట్టి కూర్చునే ఉంది. యూసుఫ్ ఆమెను లేపలేదు.

అందరికీ తెలిసిందేలే అనుకున్న సంగతినే ముందుగా చెప్పాలి. రిటైరయ్యేదాకా, మా థియేటర్‌కు వచ్చే ప్రతి సినిమాలోనూ తెలుగు రాని నటుడికి ఒప్పందానికి ముందే కబురు పంపేవాణ్ని: నీ ముఖం ఉంటుంది, గొంతు ఉండదు, ఇష్టమైతేనే సంతకం చెయ్యి అని. ఒకరిద్దరు సంతకం పెట్టకుండానే వెళ్లిపోయారు. అదే నయం.