శెనక్కాయల సభ పెట్టిన సుభద్రమ్మ టీచర్

సుభద్రమ్మగారు ఇక లేరన్న వార్త మా అన్న గంగన్న తెచ్చాడు. కళ్యాణదుర్గం బస్సు దిగి వచ్చి వాకిట్లోనే కూలబడి, "టీచరమ్మ పాయెరా" అన్నాడు. మొన్న ఆదివారమే కదా, బడి గోడకు సున్నం పల్చగా కొట్టించానని ఆమె నన్ను చీవాట్లు పెట్టింది!

ఆ విదుషీమణి ఔదార్యానికి నిదర్శనాలెన్నో ఉన్నా, నాకు ప్రాణసమానమైనది ఒక సభ. వరసగా వానలు మొహం చాటేసిన ఆ రోజుల్లో మా ఊళ్లో ఇద్దరు రైతులు తమ ప్రాణాలు తీసుకున్నారు. సేద్యం చేసే మా అన్న మాట్లాడటం మానేశాడు. ఎక్కడ దక్కకుండా పోతాడోనని నాకు ఒకటే దిగులు. ఇలాంటి మరణాలను ఆపడానికి సభ పెడదామని ఉపాధ్యాయులమంతా పూనుకున్నాం.

"చోటు చూసేది నేను" అని టీచరమ్మ చెంగు బిగించింది. ఎరువులు, పురుగుమందుల వ్యాపారి గోడౌను ఇస్తానంటే గుమ్మంలోనే ఆగిపోయి, "మందుల వాసన కొట్టే చోట బతుకు మాట యాడ మాట్లాడేదప్పా?" అని వెనుదిరిగింది. నేనేమో పంచాయతీ ఆఫీసు ముందు పందిరి, మైకు, సభ పేరు రాసిన రంగుల గుడ్డ అంటూ ఉబ్బితబ్బిబ్బవుతున్నాను. ఆమె ఫక్కున నవ్వింది.

"ఆ గుడ్డ కింద కూచున్నోన్ని ఊరంతా ఏలెత్తి చూపిస్తాది. మీ అన్న వస్తాడా? నువ్వైతే వస్తావా?"

ముంగారు వానల అదను దగ్గరపడింది. ఇంటింటా విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నారు. మా సీమలో ఒకరింట కాయలు ఒలుస్తుంటే పిలవకపోయినా ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటారు. ఆమె బడి వరండాను ఎన్నుకుంది. దానికి వీధివైపు ఒక వాకిలి, చేలవైపు ఒకటి. ఎవరి కంటా పడకుండా రావచ్చు, ఇబ్బందైతే లేచి పోవచ్చు. కాయలు కుప్ప పోయించి, "టీచరమ్మ కాయలు ఒలిపిస్తాండాది" అని మాత్రం ఊళ్లోకి కబురు పంపింది.

అబ్బ, ఏమి జనం! చేతులు కాయల మీద, చూపులు నేల మీద. పోయినవారిలో ఒకరి తల్లి మొదట నోరు విప్పింది. తరువాత మాటకు మాట కలిసింది. అంతలో చేలవైపు వాకిట్లో మా అన్న! నా గుండె ఎగిరి గంతేసింది. లేవబోతే టీచరమ్మ కనుసైగతో కూర్చోబెట్టింది. ఒక చాట అన్న ముందుకు జరిపి, "రాప్పా గంగన్నా, ఒలువు" అంది, అంతే.

చాటలో సగం కాయలు ఒలిచాక అన్న తలెత్తకుండానే, "నాకు బతకాలని లేదు టీచరమ్మా" అన్నాడు.

"చెప్పినావు కదా, ఇంగ నువ్వు ఒక్కనివి కాదు. రేపు డాక్టరు కాడికి ఇద్దరం పోదాం."

అన్నట్టుగానే తీసుకుపోయింది. అన్న మాకు దక్కాడు. ఏటా ముంగారుకు ముందు ఆ వరండా నిండుతూనే వచ్చింది.

అమ్మా, మీ లోటు తీర్చగలవారు ఈ సీమలో లేరు. మీకిదే మా ఊరి సాష్టాంగ ప్రణామం. నిన్న మీ కర్మకాండ ముగిసింది. ఈ ఉదయం బడికి వెళితే వరండాలో కాయల కుప్ప కనబడింది. ఎవరు పోయించారని అడిగాను. "నేనే" అన్నాడు మా అన్న. పక్కన ఇంకొక చాట పెట్టుకుని, చేలవైపు వాకిలికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.