ఎడమ డోరు రంగు

మా మామయ్య, అంటే నా భార్య వాళ్ళ నాన్నగారు, నలభై ఏళ్ళపాటు బండ్ల సొట్టలు తీశారు. గుద్దుకున్నవి, బోల్తా పడినవి, తుప్పు తిన్నవి, ఏ బండి అయినా సరే, ముందు జేబులోంచి పలచటి చేతిరుమాలు తీసి రేకు మీద పరిచేవారు. దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరిపేవారు. ఎక్కడ మెరక ఉందో, ఎక్కడ పల్లం ఉందో ఆ చెయ్యి చెప్పేది. మన కంటికి అద్దంలా కనిపించే డోరు మీద కూడా "ఇక్కడ గింజంత లేచింది" అంటూ పెన్సిలుతో సున్నా చుట్టేవారు. ఆయన పనిచేసే షెడ్డులో అందరూ ఆయన్ని అరచెయ్యి మేస్త్రి అనేవారు. ఆ పేరు తనకు నచ్చదని చెప్పుకునేవారు గానీ, ఎవరైనా అలా పిలిస్తే వెనక్కి తిరిగే వేగం చూస్తే అసలు సంగతి తెలిసిపోయేది.

నా గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పు నాది కూడా ఉంది. నేను కలర్ ల్యాబులో పద్దెనిమిదేళ్ళు ఫొటోలు ప్రింటు చేశాను. పెళ్ళికూతురి మొహం పచ్చబారితే ఎరుపు ఒక పాయింటు పెంచడం, ఆకాశం ఊదా రంగుకు తిరిగితే సరిచేయడం, ఇదీ నా విద్య. జనం ఫొటోలు ఫోన్లోనే చూసుకోవడం మొదలుపెట్టాక ల్యాబు మూతపడింది. అద్దె ఇల్లు ఖాళీ చేసి, పెట్టెబేడా సర్దుకుని అత్తారింటికి చేరాం. నా భార్య ఆస్పత్రిలో చీటీలు రాసే కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దున్నే ఆమె వెళ్ళిపోతే, నలభై రెండేళ్ళ మగవాణ్ణి, నేను ఇంట్లో మిగిలేవాణ్ణి.

అత్తయ్య పల్లెత్తు మాట అనేది కాదు. అదే పెద్ద బాధ. తిట్టి పెట్టే అత్తగారి చేతి ముద్ద దిగుతుంది గానీ, ఏమీ అనకుండా మారు వడ్డించే అత్తగారి ముద్ద దిగదు. చుట్టపుచూపుగా వచ్చే అల్లుడికీ, సామానుతో దిగిన అల్లుడికీ తేడా ఆ ఇంటి కుక్కకు కూడా తెలుసు. మొదటి వారం నన్ను చూసి లేచి నిలబడేది, రెండో వారం నుంచి తోక మాత్రం ఆడించేది.

అప్పటికి మామయ్య కూడా ఇంట్లోనే ఉంటున్నారు. ఆయన కళ్ళకు నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు మళ్ళీ రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలని డాక్టరు చెప్పి చుక్కల మందు రాశాడు. మెట్ల మీద తడబడటం మొదలైంది. నీలం, ఆకుపచ్చ ఆయనకు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. షెడ్డు యజమాని మంచివాడు, మెత్తగానే "ఇక విశ్రాంతి తీసుకో పెద్దాయనా" అన్నాడు. ఈ విషయం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

అలాంటి రోజుల్లో పశువుల డాక్టరమ్మ తన పాత జీపును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి మా వాకిట్లో నిలబెట్టింది. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదట. నేను చూసేసరికి సగం ఎర్రటి తుప్పు. డ్రైవరు సీట్లో కూర్చుంటే కాళ్ళ కింద నేల కనిపిస్తోంది. ఎడమ డోరు తీద్దామని లాగితే డోరే ఊడి చేతికొచ్చింది. ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ వదిలేశారు.

"కొత్త బండి కొన్నాను మేస్త్రిగారూ, కానీ వాన పడితే అది కొండదారి ఎక్కదు. పోయిన వానల్లో నేను చేరేలోపే రెండు ఆవులు పోయాయి. ఇదైతే ఎక్కేది. ఇంజను నేను వేరే చోట చేయిస్తాను. బాడీ మాత్రం మీరే చేయాలి" అందామె.

మామయ్య రుమాలు తీసి బానెట్ మీద పరిచారు. అంచు దాకా అరచెయ్యి జరిపారు. చివరికి "పెట్టి వెళ్ళండమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం అత్తయ్యతో ఆయన అన్న మాట, ఆమె వంటింట్లో మా ఇద్దరికీ చెప్పింది. "ఈ ఒక్క బండి చేసి చూస్తాను. బాగా వస్తే నా చేతిలో ఇంకా పని ఉన్నట్టు. రాకపోతే సుత్తి అటకెక్కిస్తాను, మళ్ళీ దాని ఊసెత్తను" అన్నారట. చెబుతూ చెబుతూ అత్తయ్య కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నేను కాలక్షేపానికి ఆయన పక్కన చేరాను. నట్లన్నీ తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. కిరోసిన్ పోసి నానబెట్టి, తట్టి, మళ్ళీ పోసి, రోజుకు రెండు ఊడితే గొప్ప. కింద రేకంతా కోసేసి కొత్తది వేయించాం. వెల్డింగ్ కుర్రాడు అతుకుతుంటే ఆయన దూరంగా నిలబడి, శబ్దాన్ని బట్టి "అక్కడ కాలింది, తీసెయ్" అనేవారు. తుప్పు ధూళికి దండెం మీద ఆరేసిన చీరలన్నీ ఒకే రంగుకు వచ్చాయి. అత్తయ్య దండేన్ని గేటు బయటకు మార్చుకుని, "ఇంటి పరువంతా వీధిలో ఆరేశాను, మీ జీపు పుణ్యమా అని" అంది.

సొట్ట తీయాలంటే లోపల ఒక ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, బయటి నుంచి సుత్తితో తట్టాలి. దిమ్మ పట్టుకోవడం నా పని. మొదటి రోజే సుత్తి తీసుకుని బలమంతా చూపించబోయి నా బొటనవేలు నేనే చితక్కొట్టుకున్నాను.

"రేకును కొట్టకూడదోయ్. బతిమాలాలి" అన్నారాయన.

"అది బతిమాలితే వినే రకంలా లేదు మామయ్యా."

"మీ అత్తయ్య వినలేదూ?"

వంటింట్లోంచి గిన్నె ఒకటి గట్టిగా చప్పుడయింది.

రోజూ పని అయ్యాక నా చేతిని రుమాలు మీద పెట్టించి, తన చెయ్యి నా చేతి మీద వేసి జరిపించేవారు. "తెలిసిందా?" అనేవారు. రెండు నెలలు నాకేమీ తెలియలేదు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం వెనక రేకు మీద నా అరచేతి కింద ఏదో చిన్నగా కదిలినట్టు అనిపించి ఆగిపోయాను. ఆయన కూడా సరిగ్గా అక్కడే ఆపారు. ఆ రోజు అన్నం తింటుంటే, ఉద్యోగం పోయాక మొదటిసారి, మజ్జిగ మళ్ళీ అడిగి పోయించుకున్నాను.

డ్యాష్‌బోర్డు అర మూత లోపల పాత రంగు చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చూసి, దుకాణంలో నేను దగ్గరుండి రంగు కలిపించాను. బాడీ అంతా ఆ రంగు కొట్టాం. ఎడమ డోరు మాత్రం పాత సామాను కొట్లో వెతికి తేవడం ఆలస్యమైంది. అది సిద్ధమయ్యేసరికి రంగు అయిపోయింది.

ఆ రోజే నాకు ఫ్లెక్సీలు అచ్చువేసే చోట ఇంటర్వ్యూ. "వచ్చాక కలుపుదాం మామయ్యా" అని చెప్పి వెళ్ళాను. నేనొచ్చేసరికి ఆయనే కలిపి, కొట్టి ఆరబెట్టేశారు. నలభై ఏళ్ళుగా చుక్కలు లెక్కపెట్టి రంగులు కలిపిన మనిషి, అల్లుడి కోసం ఎందుకు ఆగుతారు? మర్నాడు పొద్దున డోరు బిగించి, దూరంగా జరిగి నిలబడ్డారు. కనుబొమల మీద ఆకుపచ్చ చుక్కలు ఇంకా ఉన్నాయి.

"ఎలా ఉందోయ్?"

ఆ డోరులో నీలం ఎక్కువైంది. వేరేవాళ్ళ కంటికి కొద్దిపాటి తేడా అనిపించవచ్చు. నా కంటికి మాత్రం ఆ బండి ఒకటి, ఆ డోరు ఇంకోటి. ఆయన వెనక అత్తయ్యా నా భార్యా నిలబడి, చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలుతున్నారు.

"బాగుంది మామయ్యా" అన్నాను.

"ఊఁ" అన్నారాయన.

తరవాత ఆయన అత్తయ్యను అడిగారు. కూతుర్ని అడిగారు. పాలు పోయడానికి వచ్చినామెను అడిగారు. గోడ మీదుగా పక్కింటాయన్ని పిలిచి అడిగారు. అందరూ బాగుందన్నారు, ఎందుకంటే అత్తయ్య అందరికీ ముందే చెప్పి ఉంచింది. పక్కింటాయన అయితే మరీ శ్రద్ధగా, ఏ డోరో చూడకుండానే "అద్భుతంగా కలిసింది" అన్నాడు.

మామయ్య మాత్రం ఆ రోజు నుంచి పనిముట్లు ముట్టుకోలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గోడవైపు తిరిగి కూర్చునేవారు. నాలుగో రోజు సుత్తులు, దిమ్మలు గోనెసంచిలో చుట్టి తాడు కట్టారు. "అందరూ బాగుందన్నా ఇలా కూర్చుంటారేమిటి ఈయన?" అని అత్తయ్య తల పట్టుకుంది. మాకెవరికీ అర్థం కాలేదు.

"నేను చెప్పేస్తాను" అన్నాను నా భార్యతో.

"వద్దండీ. ఆయన ఇంట్లో ఉంటూ ఆయన పనికే వంక పెడితే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టుంటుంది. పైగా నాన్న తట్టుకోలేరు" అంది.

ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ నాకు నా మీదే ఒళ్ళు మండిపోయింది. మొహం కూడా తెలియని పెళ్ళికూతుళ్ళ కోసం పద్దెనిమిదేళ్ళు ఒక్క పాయింటు తేడా ఒప్పుకోనివాణ్ణి, నాకు అన్నం పెడుతున్న మనిషి దగ్గర అంత నీలాన్ని మింగేశాను. ఆదివారం డాక్టరమ్మ వస్తుంది. ఆమె చెబితే ఆయన తల ఎక్కడ పెట్టుకోవాలి?

శుక్రవారం పొద్దున కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి, కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"మామయ్యా, డోరు రంగు కలవలేదు."

ఆయన గ్లాసు కదపలేదు. "ఎంత?"

"నీలం మూడు పాయింట్లు ఎక్కువ. ఎండలో ఇంకా తెలుస్తుంది."

"మొన్న బాగుందన్నావు."

"అబద్ధం చెప్పాను. తప్పయిపోయింది."

లోపల అత్తయ్య చేతిలో ఏదో పని ఆగిపోయింది. మామయ్య కాఫీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు నావైపు తిరిగారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నా ప్రాణం చివుక్కుమంది.

"నాకు సరిగ్గా కనిపించదని నాకు తెలీదా? చుక్కలు వేసేటప్పుడే అనుమానం. అందుకే అందర్నీ అడిగాను. ఒక్కరైనా తప్పుందని చెబుతారేమోనని చూశాను. అందరూ బాగుందంటుంటే అర్థమైంది, ఇక నన్ను మేస్త్రిలా చూడట్లేదు, రోగిలా చూస్తున్నారని. రోగికి ఎవరూ తప్పులు చెప్పరోయ్. తప్పు చెప్పేవాడు పక్కనుంటే నేనింకా పని చేసుకోవచ్చు."

ఆయన లేచి గోనెసంచి తాడు విప్పారు.

"ఇంకా ఏమున్నాయి? చెప్పు."

"బానెట్ అంచున రంగు ఒక చుక్క కారింది."

"అది తెలుసు. చేతికి తగిలింది. నువ్వు కొట్టిన చోటే."

ఆ రోజంతా ఇద్దరం ఆ డోరు గీకాం. నేను రంగు కలిపాను, ఆయన రంగు చిమ్మే గన్ పట్టారు, నేను పక్కన నిలబడి "కిందికి, ఇంకొంచెం కిందికి" అన్నాను. నేను సందేహంగా "చాలేమో" అంటే "ఏమో అనకు, చూసి చెప్పు" అని కసురుకున్నారు. ఉద్యోగం పోయాక నన్ను కసురుకున్న మొదటి మనిషి ఆయనే. ఆ కసురు ఎంత హాయిగా ఉందో ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. ఫ్లెక్సీల వాళ్ళు రమ్మని కబురు చేస్తే, నాకు పని ఉందని చెప్పాను. అది అబద్ధం కాదు. అప్పటి నుంచి ఈ ఆరేళ్ళలో మా వాకిట్లోకి ఎన్నో పాత బండ్లు వచ్చి వెళ్ళాయి. నాకొచ్చిన ఈ పనీ, తలెత్తుకుని తింటున్న ఈ అన్నమూ ఆయన పెట్టినవే.

ఆ ఆదివారం డాక్టరమ్మ వచ్చింది. జీపు చుట్టూ రెండుసార్లు తిరిగింది. "నా బండేనా ఇది?" అని నవ్వి, మామయ్య రెండు చేతులూ పట్టుకుని ఊపింది. ఆయన మొహమాటంగా నవ్వారు గానీ, పొగడ్త ఆయన చెవుల దాకా వెళ్ళినట్టు లేదు. ఆమె బండి ఎక్కి, స్టార్టు చేసి, గేటు దాటించి వీధిలోకి తిప్పింది. మామయ్య గేటు ఊచ పట్టుకుని, చప్పుడు వెళ్ళే వైపు చూస్తూ నిలబడ్డారు. అంత దూరం ఆయనకు కనిపించదు.

"ఎలా ఉంది?" అన్నారు నెమ్మదిగా.

నేను ఎండలో వెళుతున్న బండిని మూల మలుపు తిరిగేదాకా చూశాను.

"ఎడమ డోరు పూర్తిగా కలిసిపోయింది మామయ్యా. వెనక నంబరు ప్లేటు మాత్రం కొంచెం వంకరగా ఉంది. బిగించింది నేనే."

ఆయన ఊపిరి వదిలి, ఊచ మీద పట్టు సడలించారు.

"అయితే డోరు నిజంగానే కలిసిందన్నమాట" అన్నారు.