మూడో కాలు కోసిన ప్లగ్గు

ఎనిమిదేళ్ళ పాటు సామ్యేలు చేసిన గిటార్ల మీద మద్రాసు చీటీయే ఉండేది. ఉదయగిరిలో గరిటెలు చెక్కే సామ్యేలు, పాత తలుపుల టేకుచెక్కతో ఎలక్ట్రిక్ గిటార్లు చేసేవాడు. ఆత్మకూరులో మైకు సెట్లు అద్దెకిచ్చే పెంచలనరసింహం వాటిని తీసుకుని, మద్రాసు సరుకని చెప్పి అమ్ముకునేవాడు.

"పల్లెలో చెక్కిందని తెలిస్తే ఎవుడు ముట్టుకుంటాడ్రా?" అనేవాడు మొహం మీదే.

సామ్యేలు తలూపి వచ్చేసేవాడు. భార్య సుకుమారి మండిపడితే, "పాట బాగుండాది కదమ్మే, పేరుతో ఏం పని?" అనేవాడు.

పేరు విషయంలో ఊరుకున్న మనిషి పనిలో ఊరుకునేవాడు కాదు. చేత్తో చేసిన గిటారుకు పెద్ద జబ్బు హమ్మింగు. వాయించకపోయినా ఆంప్లిఫయరు కందిరీగల తుట్టెలా గుయ్యిమంటుంది. సామ్యేలు గిటారు లోపలి గుంటంతా పల్చటి రాగిరేకు పరిచేవాడు. తీగలు ఆనే ఇనుప పట్టీ కింద నుంచి ఒక వైరు లాగి ఎర్త్‌కు కలిపేవాడు. తీగల మీద చెయ్యి పెట్టగానే ఆ మోత ఆగాలి. ఆగకపోతే మొత్తం ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. గిటారు చేతికిచ్చిన ప్రతిసారీ పెంచలనరసింహానికి చెప్పేవాడు: "ఆంప్లిఫయరుకు మూడుకాళ్ళ ప్లగ్గే వాడండయ్యా. ఈ తీగలన్నీ ఎర్త్‌తో కలిసుంటాయి. ఎర్త్ తెగిందా, ఆంప్లిఫయరులో లీకయిన కరెంటు వాయించేవాళ్ళ వేళ్ళలోకే వస్తాది."

1996 మే నెలలో ఆత్మకూరులో క్రైస్తవ సభలు జరిగాయి. మొదటిరోజు ఉదయం పాటల సాధన. వింజమూరులో బడిపంతులుగా చేసే ఎడ్విన్, సామ్యేలు చేసిన గిటారు మెడకు తగిలించుకున్నాడు. గిటారుకో ఆంప్లిఫయరు, మైకులకో ఆంప్లిఫయరు. రెండూ ఆన్ చేసేసరికి పందిరంతా గుయ్యిమంది.

"రెండు నిమిషాలు సార్," అని పెంచలనరసింహం ఇనుము కోసే రంపపు బ్లేడు తీసి, గిటారు ఆంప్లిఫయరు ప్లగ్గుకున్న ఎర్త్ కాలు కోసేశాడు. మోత ఆగింది. అందరూ సంతోషించారు. మైకు సెట్లవాళ్ళు రోజూ చేసే పనే అది. మోత ఆపడానికి ప్రాణాన్ని కాపాడే వైరునే తెంపుతారు.

ఆ ఆంప్లిఫయరు లోపల కరెంటు లీకవుతోంది. పోవడానికి దారి లేక అది తీగల్లోకి ఎక్కింది. ఎడ్విన్ పాట ఎత్తుకోబోతూ, ఎర్త్ తెగని రెండో ఆంప్లిఫయరుకు కలిపిన మైకుకు పెదవులు ఆనించాడు; కరెంటుకు అతని ఒంట్లోంచి దారి దొరికింది.

వేళ్ళు తీగలను కరుచుకుపోయాయి. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఎవరో వెదురుకర్రతో గిటారును బాది విడదీసేసరికే పెదవులు నల్లగా కాలిపోయాయి. వేదిక మీదే ప్రాణం పోయింది.

"ఎవుడు చేసినాడ్రా దీన్ని?" అని జనం అరిచారు.

"ఉదయగిరి సామ్యేలు! గరిటెలోడు!" అన్నాడు పెంచలనరసింహం. ఎనిమిదేళ్ళలో నలుగురి ముందు ఆ పేరు పలకడం అదే మొదలు.

తన గిటారు వినాలని బస్సు దిగి అప్పుడే వస్తున్నాడు సామ్యేలు. పందిరి గుంజ దగ్గరే పట్టుకున్నారు. మైకు స్టాండుతో వీపు చీరారు. పళ్ళు రాలాయి. "ఈ చెయ్యే కదరా చేసింది!" అంటూ కుడిచేతిని వేదిక చెక్కకు అదిమిపెట్టి రాయితో నాలుగు వేళ్ళూ నుజ్జు చేశారు. కొట్టినవాళ్ళలో సగంమంది చర్చి ఆరాధనలో అతనితో కలిసి రొట్టె విరిచినవాళ్ళే. సిగ్గుతో రాస్తున్నాను ఈ మాట.

నెత్తుటి నోటితో అతను అన్నది ఒక్కటే: "ప్లగ్గు చూడండయ్యా!"

విన్నది ఒక్క జెస్సికా. ఎడ్విన్ భార్య. మొగుడి శవం పక్కనుంచి లేచి, వెళ్ళి ప్లగ్గు పీకి పైకెత్తింది. రెండే కాళ్ళు. మూడోది కోసినచోట ఇత్తడి తళతళ మెరుస్తోంది.

"ఆపండ్రా! మీకు కళ్ళుండాయా? దీని కాలు ఎవురు కోసినారు?"

దెబ్బలు ఆగాయి. పెంచలనరసింహం ఆమె మణికట్టు మెలితిప్పి, ప్లగ్గు లాక్కుని, వైరుతో సహా పీక్కుపోయాడు. ఆ ప్లగ్గు మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

నాసిరకం గిటారుతో మనిషిని చంపాడని ఇప్పుడు కేసు సామ్యేలు మీద ఉంది. వచ్చే నెలలో విచారణ. అతని కుడిచెయ్యి ఉలి పట్టదు, అన్నం ముద్ద కూడా పట్టదు. సాక్ష్యానికి వస్తానన్నది జెస్సికా ఒక్కతే. దుఃఖంలో ఏదో చూశాననుకుంటోందని ఆమె మాట కొట్టిపారేస్తున్నారు.

చదివే మీరంతా ఇవాళే మీ ప్రార్థన మందిరంలో, భజన మందిరంలో, పెళ్ళి పందిట్లో ప్లగ్గులు చూడండి. కాలు కోసి ఉంటే మార్పించండి. మోత ఆపాలంటే పని తెలిసినవాణ్ణి పిలవండి.

ఆ ఉదయం ఆత్మకూరు పందిట్లో ఉన్నవాళ్ళకు ఇంకో మాట. జెస్సికా ఎత్తిపట్టిన ప్లగ్గును మీరు రెండు బారల దూరంలోంచి చూశారు. రాయి ఎత్తిన చేతులు కూడా చూశాయి. భయమైతే నలుగురు కలిసి రండి, సుకుమారి తోడుగా వస్తుంది. కోర్టులో నిలబడి చూసింది చెప్పండి.