పడమర హద్దు సముద్రం

మా సముద్రాన్ని దర్జీ సుద్దతో గీసేవాళ్ళం.

మా దీవి ఊళ్ళో, డైరీ ఫార్మ్ అనే పేటలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఒక చిన్న షాపు ఉంది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, గుడ్డలు కత్తిరించే పొడవాటి బల్ల మీద దీదీ నీలం సుద్దతో అలలు, తెల్ల సుద్దతో ఒడ్డు గీసేది. బొత్తాలు మనుషులు. నల్లటి హుక్కులు నరకం నుంచి వచ్చినవాళ్ళు. షట్టరు కింద నుంచి పాకే వాన వెలుతురులో ఆ నీలం గీతలు కదిలేవి. కదలవని తెలుసు. అయినా చాలాసేపు చూస్తే కదిలేవి.

షాపు దీదీది. వయసులో నాకంటే చిన్నదే అయినా అందరిలాగే నేనూ దీదీ అనే పిలుస్తాను. ఒకప్పుడు ఆమె హేవ్‌లాక్ దీవిలో ఒక రిసార్టులో పనిచేసింది. ఎవరో టూరిస్టు గదిలో వదిలేసి వెళ్ళిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఆమెకు అక్కడే దొరికింది. అది ఒక ఆట పుస్తకం. ఒకరు లోకాన్ని నడపాలి, మిగతావాళ్ళు అందులో ఒక్కో మనిషై బతకాలి. ఏ పని చేసినా ఇరవై ముఖాల పాచిక వేసి, అది ఒప్పుకుంటేనే ముందుకు వెళ్ళాలి. లోకం దీదీది. బతికేవాళ్ళం ఇద్దరం. ఒకడు జంగ్లీఘాట్ రేవు నుంచి వేటకు వెళ్ళే జాలరి, శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. రెండోవాణ్ణి నేను.

నా సంగతీ కొంచెం చెప్పాలి. మాది చాతం కలప మిల్లుకు దుంగలు తోలిన ఇల్లు. తాతగారు వస్తున్నారంటే బాంబూఫ్లాట్ రేవులో కుర్చీ వేసేవారట. ఆ కుర్చీ నేను చూడలేదు. ఇప్పుడు ఒక ఆఫీసులో టైపు చేస్తాను, రెండు గదుల క్వార్టరులో ఉంటాను. ఫెర్రీలో మాత్రం బల్ల మీద కూర్చోను. నాన్నగారూ కూర్చోలేదు. ఎంత రద్దీగా ఉన్నా రెయిలింగు పట్టుకోకుండా నిలబడి దాటడం మా ఇంటి అలవాటు. ఆటలో నా బొత్తం కూడా తాతగారి కోటుదే, ఇత్తడిది. జాలరిది చిన్న తెల్ల గవ్వ.

ఆ పుస్తకంలోని దయ్యాలు మొదటి ఆదివారమే నాకు నచ్చాయి. చింతచెట్టెక్కి జుట్టు విరబోసుకునే రకం కావు. ఎప్పుడో పైలోకాల నుంచి పడిపోయిన పెద్ద ఇంటివాళ్ళు. పడిన చోటే మళ్ళీ దివాణం కట్టుకున్నారు, హోదాలు పెట్టుకున్నారు. అబద్ధం ఆడరు. మాట తప్పరు. మనిషి ఆత్మ కావాలంటే లాక్కోరు, కాగితం రాయించుకుంటారు. ఆ కాగితం మనిషిని ఎంత కడుతుందో దయ్యాన్నీ అంతే కడుతుంది. ఒక్క షరతు మీరినా దయ్యం హోదా పోతుంది. దీదీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని హిందీలో సగం, తెలుగులో సగం ఇవన్నీ చెబుతుంటే, ఎండాకాలం మధ్యాహ్నం ఎవరో మా ఇంటి పాత కబుర్లు చెబుతున్నట్టు విన్నాను.

నేను ఆ దివాణంలో గుమస్తానయ్యాను. ఒప్పందాలు రాసే పని.

"నిజంగా రాయాలి," అంది దీదీ. "ఊరికే నోటితో చెప్తే నై చలేగా. కాగితం, సంతకం, పూరా."

ముగ్గురిలో తెలుగు తప్పుల్లేకుండా రాయగలిగింది నేనే. దీదీ బడిలో హిందీ చదువుకుంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. జాలరికి సంతకం వచ్చు. కాబట్టి నరకంలోని ఒప్పందాలన్నీ తెలుగులోనే రాశాను, తాతగారి పెట్టెలోని దస్తావేజుల పద్ధతిలో. నా ఇష్టపూర్వకముగాను, ఎవరి బలవంతమూ లేకుండాను అని మొదలుపెట్టి, చివర నాలుగు దిక్కుల హద్దులతో ముగించేవాణ్ణి. హద్దులు లేని కాగితం కాగితమే కాదని తాతగారు అనేవారట. పొలానికి ఉన్నట్టే ఆత్మకూ ఉండాలి కదా. ఆ హద్దుల లోపల ఉన్నదంతా దయ్యానిది. బయటిది కాదు.

ఆటలో జాలరి పడవవాడే. రెండేళ్ళ ఆదివారాలు ఆ గవ్వను బతికించుకున్నాడు. ఒక తుపానులో పడవ విరిగిపోయే సమయాన ఒక దయ్యం నీళ్ళ మీద నడిచి వచ్చి, పడవను కాపాడతాను, ఏడు వానాకాలాల తర్వాత ఆత్మ ఇమ్మంది. అతను పాచిక కూడా వేయలేదు.

"ఇచ్చీసినాను. రాయండి బాబూ."

నేను రాశాను. తూర్పు, తల్లి పొయ్యి. దక్షిణం, పడవ కట్టే గుంజ. ఉత్తరం, కొండ. పడమర, సముద్రం. చదివి వినిపిస్తానంటే వద్దన్నాడు.

"మీరు రాసినాక మల్లీ సదవడం ఏటి. అంత పెద్దింటోరు, తప్పు రాస్తారేటి," అని సంతకం పెట్టాడు. అందులో ఎగతాళి ఎంతో, నమ్మకం ఎంతో అప్పుడు తేల్చుకోలేకపోయాను. సంతోషం మాత్రం వేసింది.

ఏడో వానాకాలం బల్ల మీదికి వచ్చిన ఆదివారం బయట కూడా వాన పడుతోంది. మిషన్లకు గుడ్డలు కప్పి ఉన్నాయి. దూరంగా ఏదో ఓడ కూత వేసింది, తడిసిన దూదిలోంచి వచ్చినట్టు. జాలరి పొద్దున్నుంచీ ఏమీ తినలేదని దీదీ నవ్వింది.

"అరే, ఖేల్ హై. గవ్వ పోతే ఇంకో గవ్వ తెచ్చుకో."

"ఇంకోటి ఎలా వస్తాది దీదీ? ఈడు ఈడే," అన్నాడు గవ్వ వైపు చూస్తూ.

దీదీ నల్ల హుక్కును తీరం మీద పెట్టింది. పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని, దయ్యం గొంతుతో మెల్లగా, ఎంతో మర్యాదగా అడిగింది. "గుమస్తాగారూ, కాగితం చదవండి."

చదివాను. నా గొంతు నాకే నచ్చింది. తూర్పు, దక్షిణం, ఉత్తరం. పడమర, సముద్రం. అక్కడ ఆగిపోయాను.

చౌల్దారీ అనే ఊళ్ళో మాకో పోకతోట ఉండేది. తాతగారు దాన్ని కొన్నప్పుడు, అమ్మినవాడూ తెలుగువాడే కాబట్టి, కాగితం ఆయనే రాశారు. పడమర హద్దు, ఉప్పు కాలువ. కొలతలు రాయలేదు. ఆయన పుట్టిన ఊళ్ళో కాలువ అంటే తాతముత్తాతల నాటి నుంచి ఒకే చోట పారేది, హద్దుగా దాన్ని మించింది ఉండదు. సునామీలో ఇక్కడ నేల కుంగింది. ఉప్పునీళ్ళు తోటలోకి వచ్చి మళ్ళీ వెళ్ళలేదు. మిగిలిన మెరకనైనా మాదని చూపించుకుందామని నాన్నగారు కాగితం పట్టుకుని తోట దగ్గరికి వెళ్ళారు. నేల కొలవడానికి వచ్చిన సర్కారు మనిషి కాగితం చదివి, "కాలువ ఎక్కడుందండీ?" అని అడిగాడు. నాన్నగారు ఎదురుగా చూశారు. మోడుబారిన పోకచెట్ల మధ్య అంతా నీళ్ళే. చెయ్యి ఎత్తారు కానీ, ఎటు చూపించాలో తెలియక అలాగే నిలబడిపోయారు. నేను పక్కనే ఉన్నాను. ఇంటికి వచ్చాక సముద్రమే మాకు అన్యాయం చేసిందని చెప్పుకున్నాం. ఇప్పటికీ అలాగే చెప్పుకుంటున్నాం. కాగితంలో తప్పుందని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

బల్ల మీద నీలం సుద్ద కదులుతోంది.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. కాగితం చక్కగా ఉంది. దీదీకి తెలియదు, అతనికి చదవడం రాదు. గవ్వను హుక్కు పక్కకు జరిపితే సరిపోతుంది. జాలరి నన్ను ఏమీ అడగలేదు. నేను ఎందుకు ఆగానో కనుక్కోవాలని కూడా అతనికి తోచలేదు. గవ్వ మీద ఒక వేలు ఆనించి కూర్చున్నాడు, అంతే.

"ఈ కాగితంలో తప్పుంది," అన్నాను. "తప్పు నాది. నీటిని హద్దుగా రాయకూడదు. అది ఒకచోట ఉండదు."

దీదీ నోట్లోంచి సూదులు తీసింది. "మత్లబ్?"

నేను చెప్పబోయేలోపే జాలరి నిటారుగా కూర్చున్నాడు. అంతవరకూ దస్తావేజు నా లోకం. నీళ్ళ మాట రాగానే అది అతనిదైపోయింది.

"దీదీ, నీ దెయ్యం ఏ పూట వొచ్చింది? పోటు మీదా, పాటు మీదా?"

"అది నేను సోచలేదే."

"గడువు అమాస అని నువ్వే సెప్పినావు. అమాస పోటంటే నీరు ఎక్కడికొస్తాది? మా అమ్మ పొయ్యి దాకా వొస్తాది. మరి తూరుపు పొయ్యి, పడమర నీరు. మద్దెన ఏటుంది? ఏటీ నేదు. ఉన్నదంతా తీసుకోమను నీ దెయ్యాన్ని."

దీదీ చాలాసేపు పుస్తకం తిరగేసింది. తర్వాత పాచిక నా చేతిలో పెట్టింది. "తప్పు ఒప్పుకున్నవాడే వెయ్యాలి. పద్నాలుగు దాటాలి."

పదిహేడు పడింది.

నల్ల హుక్కు గవ్వ ముందు వంగింది. దీదీ వేలితో దాన్ని అలా వంచి, కాసేపు ఉంచింది. మాటకు కట్టుబడ్డ దయ్యం, ఖాళీ చేతులతో, తన మర్యాద తనతో తీసుకుని నీళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అంత అందంగా ఓడిపోయినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

అయితే ఆమె పుస్తకం మూయలేదు. "తప్పు కాగితం రాసిన గుమస్తాకు దివాణంలో జాగా లేదు," అంది, కొంచెం జాలిగా. "మాఫ్ కరో అన్నా. రూల్ ఉంది." నా ఇత్తడి బొత్తాన్ని తీసి నీలం సుద్ద మధ్యలో, ఏ ఒడ్డుకూ చెందని చోట పెట్టింది.

 బొత్తం అక్కడ చాలా చిన్నదిగా కనిపించింది. కోటుకు ఉన్నప్పుడు ఎంత పెద్దదిగా ఉండేదో.

జాలరి గవ్వను పడవలా జరుపుతూ జరుపుతూ నా దాకా తెచ్చాడు.

"ఎక్కండి, నవాబ్ సాబ్. మునిగిపోతారు."

"నాకు పడవ పని రాదు."

"కూకుంటే సాలు. నిలబడితే బోల్తా కొడతాది, మీ ఫెర్రీ కాదిది."

అతను ఎప్పుడు చూశాడో, నేను ఫెర్రీలో నిలబడడం. దీదీ తల వంచుకుని సుద్ద ముక్కలు ఏరుతోంది, నవ్వు దాచుకోవడానికి అనుకుంటాను. బొత్తాన్ని గవ్వ పక్కన, గవ్వకు ఆనుకునేలా నేనే పెట్టాను.

"ఇప్పుడు సదవండి ఆ కాగితం," అన్నాడు జాలరి. "నాను ఏటి రాసిచ్చీసినానో ఒకపాలి ఇంటాను."

కాగితం మళ్ళీ తీశాను. ఈసారి దస్తావేజు గొంతుతో చదవలేదు. ఒక్కో మాటకూ ఆగి, అర్థం చెబుతూ, అతను ఊఁ అన్నాకే ముందుకు వెళ్ళాను. తల్లి పొయ్యి దగ్గర అతను నవ్వాడు. గుంజ దగ్గర, అది ఏ చెట్టుదో కూడా రాయాల్సిందన్నాడు. సముద్రం దాకా వచ్చేసరికి వాన తగ్గింది, షట్టరు కింద వెలుతురు పెరిగింది. బల్ల మీది నీలం ఆ వెలుతురుతో పాటు మా చేతుల దాకా వచ్చింది.