నాకు నేను రాసుకున్న అనుమతి

మా వంశంలో ఎవరూ ఒకరి అనుమతి తీసుకుని ఏ పనీ చేయలేదు. అందుకే ఇప్పుడు మా దగ్గర ఏమీ లేదు. తాతగారికి బెంగుళూరు పేటలో పట్టు మిల్లు ఉండేది. పొద్దున ఎనిమిదింటికి మిల్లు సైరన్ మోగితే చుట్టుపక్కల వీధుల్లో గడియారాలు సరిచేసుకునేవారని మా మేనత్త ఇప్పటికీ చెబుతుంది. మా నాన్న హయాం ముగిసేసరికి ఆ సైరన్ ఒక్కటే మిగిలింది. దాన్నీ పాత ఇనుములో వేశాం. మిల్లు ఉన్న చోట ఇప్పుడు బళ్లు నిలిపే స్థలం ఉంది. ఒకసారి అక్కడ స్కూటర్ పెట్టబోతే కాపలాదారు చీటీ తీసుకోమన్నాడు. మా తాత స్థలంలో నేను చీటీ తీసుకోవడమా అనుకుని, ఫర్లాంగు అవతల పెట్టి ఎండలో నడిచి వచ్చాను. ఆ సంగతి కాపలాదారుకి తెలియదు, స్కూటర్‌కీ తెలియదు.

ఇప్పుడు కుందలహళ్ళిలో ఒకే గది ఉన్న అద్దె ఇంట్లో ఉంటూ, బెళ్ళందూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీల్లో గోడకి తగిలించే చిన్న కంప్యూటర్ పెట్టెలు మేం తయారుచేస్తాం. కొత్త పెట్టెకి మొదటిసారి కరెంటు ఇవ్వగానే అందులో ఒక చిన్న ప్రోగ్రాం లేచి, ఆ పెట్టెకి మాత్రమే చెందే రహస్య కీని పుట్టిస్తుంది. ఆ కీతోనే పెట్టె తనెవరో రుజువు చేసుకుంటుంది. కీ దొంగకి దొరికితే దొంగ కూడా అలాగే రుజువు చేసుకుంటాడు. అందుకని ఆ ప్రోగ్రాం ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో చెప్పే పాలసీ ఒకటి కావాలి. ఎనిమిది నెలలు కూర్చుని దాన్ని నేను రాశాను.

మామూలు కంప్యూటర్లో ఫైలు ఎవరిదైతే వాళ్ల మాట చెల్లుతుంది. నాది, నా ఇష్టం, ఎవరికైనా ఇస్తాను అనవచ్చు. మా నాన్న మిల్లు నడిపింది ఈ పద్ధతిలోనే. మా పెట్టెల్లో అలా కుదరదు. ప్రతి ఫైలుకీ, ప్రతి ప్రోగ్రాంకీ ఒక లేబుల్ ఉంటుంది. ఏ లేబుల్ ఉన్నది దేన్ని ముట్టుకోవచ్చో పాలసీలో రాసి ఉండాలి. రాసి లేకపోతే లేదు. రూట్ అని సర్వాధికారి ఖాతా ఒకటి ఉంటుంది, దానికి కూడా లేదు.

ఈ గొప్ప సంగతి మా మేనత్తకి ఫోన్లో చెప్పాను. ఆమె పుట్టి పెరిగింది పేటలోనే.

"ఏమప్పా, నువ్వు ఆడ పెద్దోడివి అంటావు. మల్ల నీకే లేదంటాదా ఆ మిషను?"

"నాకూ లేదంటుంది అత్తా. అలా రాసిందే నేను."

"అట్లాంటిది ఒగటి మీ నాయనకి తగిలించి ఉంటే మిల్లు ఉండును గదప్పా," అని ఫోన్ పెట్టేసింది.

ఆమెకి చెప్పింది పూర్తి నిజం కాదు. పాలసీ ప్రకారం కీ ప్రోగ్రాం ఒక్కటే కీలుండే అరలో, అంటే వాటి డైరెక్టరీలో, రాయగలదు. బ్యాకప్ వాళ్లొచ్చి మాకూ అనుమతి ఇమ్మన్నారు, లేదన్నాను. పెట్టెలో జరిగిందల్లా నమోదయ్యే లాగ్‌లు చూసేవాళ్లు అడిగారు, వాళ్లకీ లేదన్నాను. లేదు అనడంలో ఎంత సుఖం ఉందో తాతగారి తర్వాత మా ఇంట్లో మళ్లీ నాకే తెలిసింది. కానీ ఆ పాలసీలో ఒక లైను అడ్మిన్ ఖాతా కూడా ఆ డైరెక్టరీలో రాయవచ్చని చెబుతుంది. ఆ ఖాతా నాది.

నేను రాసిందాన్ని తనిఖీ చేసే అమ్మాయిది కరీంనగర్. చేరి ఏడాది కాలేదు. ఆ లైను దగ్గర ఆగింది.

"సర్, ఈ లైన్ ఎందుకు? ఎవ్వరూ రాయొద్దు అన్నం కద."

"ఎమర్జెన్సీకి."

"ఎమర్జెన్సీ ఎవరికి సర్?"

గడియారం చూసుకుని, టైమవుతోంది అన్నాను. ఆమె పాపం సరే అని ఆమోదం కొట్టింది.

ఇంతలో ఒక కొత్త కంపెనీ వాళ్లు మా పెట్టెని చూడటానికి శుక్రవారం నాలుగింటికి వస్తామన్నారు. మా మేనేజర్ గుంటూరు మనిషి. పాలసీ అంటే ఆయనకి మొదటినుంచీ గిట్టదు.

"చూడు గురూ, పెడతానంటే పెట్టు. కానీ రేపు వాళ్ల ముందు ఇది ఒక్కసారి అడ్డం పడిందంటే, నీ పాలసీ తీసి బెళ్ళందూరు చెరువులో పారేస్తా. చెరువు నిండా నురగేగా, అందులో కలిసిపోద్ది."

ఆయన అన్నంత పనీ చేస్తాడు. పాలసీ లేకుండానే పెట్టెలు అమ్ముకోవచ్చు, చాలామంది అలాగే అమ్ముతున్నారు. నాకు మాత్రం అది పోతే ఎనిమిది నెలలు పోయినట్టే. మా ఇంట్లో వాళ్లు కట్టినవి కూలడమే చూశాను. నేను కట్టింది ఒకటైనా నిలబడితే చూడాలని ఉంది.

గురువారం సాయంత్రం నేను చేసిన పని ఇది. మా ప్రోగ్రాం పుట్టించే కీ పొడవు మామూలుది. అవసరానికి అది చాలు. కానీ రేపు వచ్చేది కొత్తవాళ్లు, చూపించే పెట్టెలో మామూలు కీ ఏం బాగుంటుందని నాకు తోచింది. ఆ పెట్టెలోనే నా సొంత ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీలో కూర్చుని, వేరే సాధనంతో రెండింతల పొడవైన కీని చేత్తో తయారుచేశాను. నాకు నేను రాసుకున్న ఆ లైను పుణ్యమా అని దాన్ని తీసుకెళ్లి కీల డైరెక్టరీలో పాత కీ స్థానంలో పెట్టాను. పాలసీ కిమ్మనలేదు. తృప్తిగా ఇంటికి వెళ్లాను.

శుక్రవారం రెండున్నరకి ఆ అమ్మాయి ఎందుకైనా మంచిదని పెట్టెని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసింది. పెట్టె లేవలేదు.

లేచిన ప్రతిసారీ కీ ప్రోగ్రాం తన కీ ఉందా లేదా అని చదివి చూసుకుంటుంది. ఈసారి చదవబోతే పాలసీ అడ్డుపడింది. ఫలానా ఫైలు మీద హోమ్ డైరెక్టరీ లేబుల్ ఉంది, దాన్ని ముట్టుకునే హక్కు నీకు లేదు అని లాగ్‌లో రాసి ఉంది.

మేనేజర్ మా వెనక నిలబడ్డాడు. "నేను చెప్పలా? ఆపేయ్ దాన్ని. పెట్టె లేస్తే చాలు నాకు."

"ఆపక్కర్లేదు సర్," అంది ఆ అమ్మాయి. "కీ ప్రోగ్రాం హోమ్ లేబుల్ చదవొచ్చని ఒక్క లైన్ రాస్తే లేస్తది. కానీ ఆ లేబుల్ ఈడికెట్లొచ్చింది? అదే సమజ్ అయితలేదు."

నాకు సమజ్ అయింది. ఫైలుని కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ వస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు తరలిస్తే పుట్టినచోటి లేబుల్‌తోనే వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు నేను చెప్పే పాఠం ఇదే. తరలించింది నేనే.

కీబోర్డు నా ముందుకి లాక్కున్నాను. ఆమె చెప్పిన లైను టైపు చేశాను. అది పెడితే పెట్టె లేస్తుంది, పాలసీ బతుకుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. కాకపోతే ఇకమీదట అమ్మే ప్రతి పెట్టెలోనూ కీ ప్రోగ్రాం ఎవరి సొంత ఫైళ్లలోనైనా తల దూర్చవచ్చు. అంతే. ప్రతి అనుమతి పక్కనా కారణం రాయాలని నియమం ఒకటుంది, అదీ నేను పెట్టిందే. కారణం రాయాల్సిన చోట కర్సర్ మినుకుమినుకుమంటూ నిలబడింది. ఏం రాయను? పరువు కోసం అని రాయనా?

లైను చెరిపేశాను. "ఆ ఫైలు అక్కడ పెట్టింది నేను," అన్నాను.

మేనేజర్ ముందుకి వంగాడు. "నువ్వా? ఎందుకు?"

"కీ ఇంకొంచెం పెద్దదైతే బాగుంటుందని."

"వాళ్లు కీ తెరిచి చూస్తారా?"

"చూడరు."

"మరి?"

"కొత్తవాళ్లు వస్తున్నారు కదా."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకుంది. "సర్, మా ఇంట్ల చుట్టాలొస్తే స్టీల్ గ్లాసులు దాచి గాజు గ్లాసులు తీస్తరు. అట్లనా?"

"అచ్చం అలాగే," అన్నాను.

నా పొడుగు కీని తీసి పారేశాం. పెట్టె లేచి, తన కీ తానే పుట్టించుకుంది. మూడుంపావు అయింది. ఇంకా సమయం ఉంది కాబట్టి పాలసీ తెరిచి, నాకు నేను రాసుకున్న లైను తీసేశాను. కారణం దగ్గర, "రాసుకున్నవాడే దుర్వినియోగం చేశాడు" అని రాశాను. ఆ అమ్మాయి ఈసారి వెంటనే ఆమోదం కొట్టింది. ఒకసారి ప్రయత్నించి చూడమంది. నా అడ్మిన్ ఖాతాలోంచి కీల డైరెక్టరీలో ఖాళీ ఫైలు ఒకటి పెట్టబోయాను. అనుమతి లేదు అంది. లాగ్‌లో నా ఖాతా పేరు, టైము, చేయబోయిన నేరం, అన్నీ వరసగా పడ్డాయి.

నాలుగింటికి వచ్చినవాళ్లు ముగ్గురు. కాఫీ తాగాక, ఈ పాలసీ నిజంగా పనిచేస్తుందని ఏమిటి రుజువు అని వాళ్లలో పెద్దాయన అడిగాడు. మేనేజర్ నా వైపు చూశాడు. ఆ అమ్మాయి మాత్రం నన్ను అడగకుండానే లాగ్ తెరిచి పెట్టింది.

"ఇది గంట కింద. పాలసీ రాసిన మనిషినే రానియ్యలేదు," అంది.

"ఎవరాయన?"

నేను లేచి నిలబడ్డాను. ఆయన మళ్లీ చేసి చూపించమన్నాడు. చేశాను. లేదంది. ఆయనకి నమ్మకం కుదరక కుర్చీ లాక్కుని, నా ఖాతాలోనే తన చేత్తో నాలుగు రకాలుగా టైపు చేసి చూశాడు. నాలుగుసార్లూ లేదంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఓడిపోయి అంత సంతోషించిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

పాలసీ ఉండిపోయింది. అప్పటినుంచి ఎవరైనా పెట్టె చూడటానికి వస్తే మేనేజర్ ముందు నన్నే పిలుస్తున్నాడు. "రా గురూ, వచ్చి ఒకసారి కాదనిపించుకుని వెళ్లు," అంటాడు. వాళ్లు వచ్చే రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్తున్నాను.