చదివి పెట్టని కాగితం

మా ఇంట్లో పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితం చదవడం నా పని. తమ్ముడు ఏడో తరగతితో బడి మానేసి, నాన్న పోయాక సేద్యంలోకి దిగాడు. నేను బి.ఏ. పాసై ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఆ కాగితం మీది అక్షరాలు మరీ సన్నగా ఉండేవి. మందు కొట్టే పంపుకు ఎంత పోయాలో నేను చదివి చెబితే వాడు డబ్బా మూతతో కొలిచి నీళ్లలో కలిపేవాడు. మా ఊళ్లో అందరిదీ మూత కొలతే.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. పాత మందుకు చావడం లేదంటే కొట్లో కొత్తది ఇచ్చారు. పొద్దున్నే వాడు డబ్బా పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చాడు. నేను నవల చదువుకుంటున్నాను.

"అక్కా, ఇదేదో కొత్త మందు. ఎన్ని మూతలో చూసి చెప్పు."

"పాతదానికి ఎన్ని పోస్తున్నావు?"

"మూడు."

"ఇదీ అంతే పోయరా."

"చూడకుండానే చెప్తన్నావే. చూసి చెప్పక్కా."

"అన్నిట్లో ఒకటే రాస్తార్రా. పో."

"కలెక్టరమ్మగారికి తీరిక లేదు" అని నవ్వి, కాగితం నా పక్కన పెట్టి వెళ్లాడు. ఎగిరిపోతుందని దాన్ని పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను.

మధ్యాహ్నం వాణ్ణి బండిలో వేసుకొచ్చారు. నోటి వెంట నురగ. వినుకొండ తీసుకెళ్లాం. చొక్కా లేకుండా, ఎండలో, గాలికి ఎదురుగా మందు కొట్టాడని డాక్టరు అన్నాడు. మూతల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పొద్దుగూకే లోపే పోయాడు. వాడికి ఇరవై రెండేళ్లు.

పెద్దకర్మ అయ్యాక పుస్తకం తెరిచాను. గుర్తుగా పెట్టిన కాగితంలో పంపుకు ఒక మూత అని ఉంది. ఆ నవల ఎలా ముగిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పలకరించడానికి వచ్చినవాళ్లు అందరూ ఒకే మాట అన్నారు. "కర్మ కాకపోతే ఏందమ్మా, ఊరంతా మందు కొట్టట్లా? వాడికే ఎందుకు తగలాల?" అమ్మ తల ఊపేది. వాడికే ఎందుకు తగిలిందో తనకు తెలుసనుకునేది. వాడికి అయిదేళ్లప్పుడు జ్వరం వచ్చి ప్రాణం మీదికొస్తే, బతికితే వాణ్ణి వెంటబెట్టుకుని చెప్పుల్లేకుండా కోటప్పకొండకు నడిచి వస్తానని మొక్కుకుంది. శివరాత్రి వచ్చేసరికి ఏటా మిరప కోతలు అడ్డుపడేవి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటూ పదిహేడేళ్లు గడిపింది.

"నేను మొక్కు ఎగ్గొట్టాను, ఆ దేవుడు బిడ్డను తీసుకున్నాడు" అనేది. నేను వింటూ కూర్చునేదాన్ని.

ఏడాది మైల తీరాక వచ్చిన శివరాత్రికి అమ్మ ఒక్కతే కొండకు నడిచింది. పదమూడు మైళ్లు. మరుసటి ఏడూ వెళ్లింది. తిరిగొచ్చేసరికి అరికాళ్లు బొబ్బలెక్కి పగిలాయి. నేను పాదాలు ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తుంటే, "నొప్పి ఉండాలిలే, నా తప్పుకు" అంది.

కర్మ గురించి నేను చదివిన పుస్తకాల్లో చేసినవాళ్లే అనుభవిస్తారని ఉంది. మా ఇంట్లో చేసింది నేను, పోయింది వాడు, నడుస్తున్నది అమ్మ. ఇక ఆగలేక చెప్పేశాను. మొక్కు వల్ల కాదని, కాగితంలో ఒక మూత అని ఉందని, నేను చూడకుండా మూడు అన్నానని.

అమ్మ అడిగింది.

"చూసి చెప్పమని అడిగాడా?"

"అడిగాడు."

"ఒకసారేనా?"

"రెండుసార్లు."

"వాడు ఎవర్నీ ఏదీ రెండోసారి అడగడు" అంది. పాదాలు మెల్లగా నా ఒళ్లోంచి తీసుకుంది. తిట్టలేదు. ఏడవనూ లేదు. రోజూ నేను వడ్డించే అన్నం ఆ పూట మాత్రం తానే వడ్డించుకుని తింది.

ఆ తర్వాత ఆమె మొక్కు మాట ఎత్తలేదు. చెప్పడం మంచిదే అయిందనుకున్నాను.

మళ్లీ శివరాత్రి వచ్చింది. తెల్లారేసరికి అమ్మ తలస్నానం చేసి, చెప్పులు అరుగు కింద వదిలి, గడప దిగుతోంది.

"అమ్మా, మొక్కు వల్ల కాదని చెప్పాను కదా. ఇంకెందుకు?"

ఆమె వెనక్కి తిరిగింది. నా ముఖం వంక చూడకుండా, నా చేతుల వంక చూసింది.

"ఇది వాడి కోసం కాదే. అంత పని చేశాక నీకు ఏం రాసిపెట్టి ఉందో. అది నీ మీదికి రాకూడదని మొక్కుకున్నా."

చెప్పులు తొడుక్కోమన్నాను. వినలేదు. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, కంకర రోడ్డు మీద నడిచి వెళ్లింది. ఆమె నడక ఆపాలనే నేను నిజం చెప్పాను. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడూ నడిచింది. నాకేమీ కాలేదు.