చక్రాలకి బొట్టు

నేను మరిచిపోయే మనిషిని కాను. నాకు జీతమిచ్చేదే అందుకు. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, ఇంకొకరు చేసినదాంట్లో తప్పు పట్టుకుని, అది దిద్దుకునేదాకా వాళ్ల వెంటపడటం నా ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ బుద్ధి పోదు. నన్నెవరైనా నలుగురిలో చులకన చేస్తే, ఆ రోజు ఏ చీర కట్టుకున్నానో కూడా గుర్తుంటుంది. ఆవపువ్వు రంగు చీర. చేతిలో పులిహోర ప్లేటు.

కెనడాలో ఏజాక్స్ అనే ఊళ్లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక అంకుల్ ఉన్నారు. తెనాలి వైపు మనిషి. ఇంగ్లండులో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చారు. ఆయన బేస్‌మెంటులో ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా బల్లలు, బల్లల మీద పట్టాలు, ప్లాట్‌ఫారాలు, ఇటుకరంగు స్టేషను, గొడుగు పట్టుకున్న ప్రయాణికులు, అన్నీ వేలెడంత సైజులో. తిరిగేవన్నీ ఇంగ్లండు ప్యాసింజరు రైళ్లే. ఆయన ఇంటికి భోజనానికి ఎవరెళ్లినా చేతులు కడుక్కోగానే కిందికి తీసుకెళ్లి చూపించాల్సిందే.

వాటన్నిట్లో ఆయనకు ప్రాణం ఒక హైస్పీడ్ రైలు. నీలం, బూడిద రంగు పెట్టెలు, రెండు చివరలా పసుపు ముక్కు ఇంజన్లు. నిజం రైల్లో రెండు ఇంజన్లూ పనిచేస్తాయి. బొమ్మ రైల్లో ఒకదానికే మోటారు, రెండోది ఉత్త డొల్ల. మోటారున్న ఇంజన్లో ఆయన సౌండ్ చిప్ వేయించారు. బటన్ నొక్కితే ఒకటి సన్నం, ఒకటి లావు, రెండు స్వరాల్లో హారన్ మోగుతుంది. మా ఊళ్లో అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు.

నాకూ ఆ పిచ్చి ఉంది. కెనడాకి రాకముందు మూడేళ్లు ఇంగ్లండులో పనిచేశాను. స్టేషనుకెళ్లే దారిలో ఒక బొమ్మల షాపు ఉండేది, దాని అద్దంలో రోజూ ఒక ఆవిరి ఇంజను, నాలుగు మెరూన్ పెట్టెలు కనిపించేవి. ఆ దేశం వదిలేటప్పుడు ఆ సెట్టు కొని, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇక్కడ అది పాడైతే చూసేవాళ్లు లేక నేనే విప్పాను. మొదటిసారి ఒక స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది, ఇప్పటికీ దొరకలేదు. ఆ తర్వాత చేయి తిరిగింది.

సంగతి ఏడాదిన్నర కిందటి దసరా దగ్గర మొదలైంది. అంకుల్ ఆయుధపూజ ఘనంగా చేస్తారు. కారుకి, గడ్డి కోసే మెషీనుకి, మంచు ఊడ్చే మెషీనుకి దండలు వేస్తారు. ఆ ఏడు రైలుకీ చేశారు. కారు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించినట్టు బొమ్మ రైలుతో తొక్కించలేరు కదా! అందుకని నిమ్మచెక్కకి కుంకుమ అద్ది పట్టాల మీదే పిండారు. చక్రం చక్రానికీ పసుపు రాసి బొట్టు పెట్టారు. ఇంజను ఆగిపోయింది.

ఆయన అట్టపెట్టెతో మా ఇంటికొచ్చారు. డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, చేతులు బల్ల మీద పెట్టారు. రెండు చేతులూ వణుకుతున్నాయి.

"ఏడాదిగా ఇదే వరస. స్క్రూడ్రైవర్ పట్టు దొరకట్లేదు. నువ్వు చూసిపెట్టమ్మా. ఎవరికీ చెప్పకు," అన్నారు.

చెప్పనన్నాను. చెప్పలేదు కూడా. బొమ్మ రైలుకి కరెంటు పట్టాల్లోంచి చక్రాలకి వస్తుంది, చక్రాల వెనకున్న సన్నని రాగిరేకులు దాన్ని మోటారుకి అందిస్తాయి. ఆ రేకులకీ చక్రాలకీ మధ్య కుంకుమ ముద్దకట్టి రాయైపోయింది. మూడు వారాంతాలు, భూతద్దం, పళ్లపుల్ల, స్పిరిటు. తిరిగిచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు చెప్పాను. "అంకుల్, బొట్టు పైన పెట్టండి, చక్రాలకి వద్దు. మళ్లీ ఆగిపోతుంది."

"నీ చేతిలో విద్య ఉందమ్మా," అన్నారు. నేను పొంగిపోయాను.

దీపావళికి ఆయన బేస్‌మెంటులో పది పన్నెండు కుటుంబాలు చేరాం. రైలు హారన్ కొట్టుకుంటూ గిరగిరా తిరుగుతోంది. ఆగిపోయిందన్నారే, ఎలా బాగైందని ఎవరో అడిగారు. నేను పులిహోర ప్లేటుతో ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నా వైపు చూస్తారనుకున్నాను.

"లూజ్ వైర్. నేనే పట్టుకున్నా. కనిపెట్టడానికి మూడు వారాలు పట్టింది," అన్నారు.

"అంకుల్, మరి కుంకుమ..." అన్నాను.

"ఈ అమ్మాయికి ఇంజన్లంటే ముచ్చటలే! పక్కన కూర్చుని స్క్రూలు అందించింది," అని నా భుజం తట్టారు. అందరూ నవ్వారు. ఒకాయన, "మేడమ్, మా డిష్‌వాషర్‌కి కూడా స్క్రూలు అందిస్తారా?" అన్నాడు. మళ్లీ నవ్వారు.

నాకు కడుపు మండిపోయింది. చేతుల సంగతి దాచుకుంటే దాచుకోనీ, నా మూడు వారాల పని ఎందుకు మింగాలి? నిజం చెబితే ఆయన గుట్టు బయటపెట్టాలి, మాటిచ్చాను. ఆ మాట అడ్డం పెట్టుకునే ఆయన అంత ధైర్యంగా నా ఎదుటే అబద్ధమాడారు. అది నాకు ఇంకా మంట. ఆ నోటితోనే, అదే జనం ముందు, ఈ ఇంజను బాగు చేసింది ఈ అమ్మాయి అనిపించకపోతే నా మనసు చల్లారదని ఆ రోజే అనుకున్నాను.

ఏడాది ఆగాను. కిందటి దసరాకి తెలుగువాళ్లందరం కమ్యూనిటీ హాలు తీసుకుని పండగ చేశాం. అంకుల్ రైలు మూడు బల్లల మీద పెట్టారు. పూజపళ్లెం పని నాకు అప్పగించారు. స్క్రూలు అందించే మనిషికి పళ్లెం అప్పగించడంలో వింతేముంది! పసుపు, కుంకుమ కలిపేటప్పుడు నీళ్లకు బదులు నువ్వులనూనె పోశాను. నూనె పొర దాటి కరెంటు రాదు. ఎందుకు పోశానో నాకు బాగా తెలుసు.

అంకుల్ ఇంజను నెత్తిన జాగ్రత్తగా ఒక్క బొట్టు పెట్టి పళ్లెం తిరిగివ్వబోయారు. అంటే నా మాట గుర్తుందన్నమాట. చెవినపడింది, మనసులోనూ ఉంది, బయటికి మాత్రం రాదు.

"అదేంటంకుల్, చక్రాలకి పెట్టరా?" అని గట్టిగా అడిగాను. హాలంతా వినపడింది.

ఆయన నా ముఖంలోకి చూశారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే లూజ్ వైర్ కథ ఏమవుతుంది? వెనకనుంచి ఒక ఆంటీ, "బండికి చక్రాలే కదండీ ముఖ్యం, పెట్టండి," అంది. ఆయన వంగి, వణికే వేలితో చక్రం చక్రానికీ పెట్టారు. చేయి వణికి కొంత పట్టాల మీద కూడా పడింది. నేను పళ్లెం ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాను.

రైలు కదిలింది. స్టేషను దాటి, మలుపు తిరిగి, వంతెన కింద రెండుసార్లు గింజుకుని ఆగిపోయింది. అంకుల్ వేలితో నెట్టారు. జానెడు కదిలి మళ్లీ ఆగింది. "ఈజ్ ఇట్ బ్రోకెన్?" అని పిల్లలు అడుగుతున్నారు. మైకు పట్టుకున్నాయన "టెక్నికల్ ప్రాబ్లమ్, టెక్నికల్ ప్రాబ్లమ్" అంటూ కాలక్షేపం చేస్తున్నాడు.

అంకుల్ నా దగ్గరికొచ్చి మెల్లగా, "అమ్మా, ఒకసారి చూడవా," అన్నారు.

"లూజ్ వైరేమో చూడండంకుల్. మీరే పట్టుకోగలరుగా," అని వెళ్లి కుర్చీలో కూర్చుని లడ్డూ తిన్నాను. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీదుంది. ఆయన ఒంటరిగా బల్ల ముందు నిలబడి చేతులు జేబుల్లో దాచుకుంటుంటే నాకు జాలి కలిగింది. కలిగినా లేవలేదు.

తర్వాతి సోమవారం అదే అట్టపెట్టెతో మా గుమ్మంలో నిలబడ్డారు. బూట్లు కూడా విప్పలేదు. "పోయినేడు కూడా నువ్వే బాగు చేశావు. నాకు తెలీదనుకున్నావా?" అన్నారు.

"నాకు తెలుసంకుల్, మీకూ తెలుసు. తెలియంది వాళ్లకి. ఆ మాట మైకులో చెప్పండి."

"ఇప్పుడవన్నీ ఎందుకులేమ్మా," అని పెట్టె మెట్టు మీద పెట్టి వెళ్లిపోయారు.

నూనె మరక వదలడానికి రెండు సాయంత్రాలు పట్టింది. నవంబరు మొదటివారానికే ఇంజను శుభ్రంగా తిరిగింది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా, "ఇంగ్లండు నుంచి పార్టు రావాలంకుల్," అన్నాను. చలికాలమంతా రాలేదు. చలికాలమంతా ఆయన హైస్పీడ్ ఇంజను మా బేస్‌మెంటులో నా మెరూన్ పెట్టెలు లాగింది. ఆవిరి రోజుల పెట్టెలకి హైస్పీడ్ ఇంజను, ఏ కాలంలోనూ ఇంగ్లండులో అలాంటి జోడీ నడవలేదు. ఆయన చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవారు. అది తలుచుకునే రోజూ తిప్పేదాన్ని.

మొన్న ఉగాది పదిరోజులుందనగా మళ్లీ ఫోన్ చేశారు. నేను కిందే ఉన్నాను, రైలు తిరుగుతోంది.

"అమ్మా, ఉగాది ఫంక్షన్లో రైలు పెట్టమంటున్నారు. పార్టు వచ్చిందా?"

నేను హారన్ బటన్ నొక్కాను. సన్నస్వరం, లావుస్వరం.

"అది నాదే కదమ్మా," అన్నారు.

"మీదే అంకుల్. బాగు చేసింది నేను."

"ఎప్పుడు బాగైంది?"

"నవంబర్లోనే."

కోప్పడతారనుకున్నాను. దానికి నేను సిద్ధంగానే ఉన్నాను, అడగాల్సినవి వరసగా పేర్చుకుని ఉన్నాను. ఆయన కోప్పడలేదు. "మైకులో చెప్తే, మరి మీరెందుకు చేయలేదని అడుగుతారు. ఈ చేతుల సంగతి కూడా చెప్పాలా అమ్మా?" అన్నారు.

ఆయన భయమేమిటో ఏడాదిన్నరగా తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

"అది మీ ఇష్టం అంకుల్. నా సంగతి మాత్రం చెప్పాలి."

"సరే. చెప్తాను," అన్నారు.

"అయితే ఇంజను నేనే హాలుకి తీసుకొస్తాను. ముందు మైకు, తర్వాత పెట్టె," అని ఫోన్ పెట్టేశాను. ఉగాదికి ఆవపువ్వు రంగు చీర ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.